తలంబ్రాల దగ్గర చూడండి

“తాతయ్యా, 8.5 జీబీ డిస్కులో ఉన్న పెళ్ళి 4.7 జీబీ డిస్కులో ఎలా పడుతుంది? పట్టిందంటే ఏదో పోయినట్టేగా! ఏం పోయిందో మనకెలా తెలుస్తుంది?”

విన్నారర్రా, మన బుజ్జిగాడు ఎంత చక్కగా అడిగాడో! రండి, అందరూ ఇలా వెనక వరండాలోకి రండి. మన పియారా వాటర్స్ దాకా సముద్రం గాలి చేరే వేళయింది. పెర్త్‌లో దీన్ని ముద్దుగా ‘ఫ్రీమాంటిల్ డాక్టర్’ అంటారు, ఎండకి సొమ్మసిల్లిన ఊళ్ళకి ప్రాణం పోస్తుందని. చేగోడీల డబ్బా ఇదిగో, అందరూ తీసుకోండి. పెద్దమ్మాయ్, పాత పెళ్ళి డిస్కునీ, నువ్వు పొద్దున్న తయారుచేసిన నకలునీ పట్టుకురామ్మా.

బుజ్జీ, మీ అమ్మానాన్నల పెళ్ళిని బెజవాడలో క్యాసెట్ మీద తీశారు. తర్వాత దాన్ని డీవీడీలోకి ఎక్కించారు. మూడు గంటల పెళ్ళి. రెండు పొరల డిస్కు కనుక 8.5 జీబీ పట్టింది. ఇలా రాసుకునే డిస్కుల్లో సన్నటి రంగు పూత ఉంటుంది. లేజరు కిరణం ఆ పూతని అక్కడక్కడా మార్చుకుంటూ రాస్తుంది. ఎండా వేడీ ఆ పూతకి పడవు. పెర్త్ వేసవిలో 40 డిగ్రీలు దాటే రోజులు మీరెరిగినవే. అందుకే అది చెడకముందే నకళ్ళు తీసి ఉంచుదామన్నాను. మన బీరువాలో ఉన్నవేమో ఒక పొర డిస్కులు, 4.7 జీబీవి.

కొనుక్కున్న సినిమాలు కూడా ఇలాగే తీసి పెట్టుకుందామా అంటారేమో, ఆ సంగతి కూడా చెబుతా. కొనుక్కున్న సినిమా వీడియో క్యాసెట్‌ని ఇంట్లో చూసుకోడానికి డిజిటల్‌లోకి మార్చుకోవచ్చని ఆస్ట్రేలియా చట్టంలో 2006లో సవరణ తెచ్చారు. డీవీడీలకి ఆ వెసులుబాటు ఇవ్వలేదు. అందుకని మనం మన పెళ్ళితోనే నేర్చుకుందాం. సినిమాకైనా పెళ్ళికైనా లెక్క ఒకటే.

లెక్కంటే గుర్తొచ్చింది, ముందు అదే వేద్దాం. ఇండియాలోనూ ఇక్కడా పాత టీవీ పద్ధతి ఒకటే, పాల్. అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576 వరసలు. గుణించండి. 4,14,720 చుక్కలు, ఒక్క బొమ్మలో! సెకనుకి అలాంటి బొమ్మలు 25. ఇక చుక్కకి ఎంత చోటు కావాలి? మన కన్ను వెలుగు తేడాని ఇట్టే పట్టేస్తుంది గాని, రంగు తేడాని అంత సన్నగా పట్టలేదు. అది కనిపెట్టినవాళ్ళు ప్రతి చుక్కకీ వెలుగు విడిగా రాసి, రంగుని మాత్రం నాలుగేసి చుక్కలకి ఉమ్మడిగా రాశారు. అలా చూస్తే చుక్కకి సగటున ఒకటిన్నర బైటు. సెకనుకి కోటిన్నర బైట్ల పైచిలుకు. మూడు గంటలంటే 10,800 సెకన్లు. మొత్తం 168 జీబీ దాకా తేలుతుంది.

ఇప్పుడు చెప్పండి, మనం అసలుదనుకుంటున్న డిస్కులో ఉన్నదెంత? 8.5. అంటే మన దగ్గరికొచ్చేసరికే పెళ్ళి ఇరవయ్యో వంతుకి తగ్గిపోయింది. మీరు ఎన్నిసార్లు చూశారు దాన్ని? ఒక్కరైనా ఏదో తగ్గిందే అనుకున్నారా? ఇరవైలో పంతొమ్మిది వంతులు తీసేసినా మనకి తెలియలేదంటే ఎంత గొప్ప విద్య అది!

ఆ విద్యలో మనవాళ్ళ చెయ్యి ఉంది, తెలుసా? బెంగుళూరు నుంచి అమెరికా వెళ్ళిన నసీర్ అహ్మద్ గారని ఒకాయన, కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. 1972లో ఆయనకొక ఆలోచన వచ్చి, దాని మీద పని చేసుకోడానికి కాస్త సొమ్ము ఇప్పించండని అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని అడిగారు. ఇది మరీ తేలిక విషయమని ఇవ్వలేదు. ఆయన వదిలిపెట్టలేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌తోనూ, స్నేహితుడు కె. ఆర్. రావు గారితోనూ కలిసి పని పూర్తిచేసి, 1974 జనవరిలో ఒక పరిశోధన పత్రం అచ్చు వేయించారు. నాలుగే పేజీలు. ఆ రావు గారి పూర్తి పేరు కమిసెట్టి రామమోహనరావు. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుని అమెరికా వెళ్ళి, టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయంలో యాభై ఏళ్ళకి పైగా పాఠాలు చెప్పారు. 2021లో వెళ్ళిపోయారు. మీ ఫోనులో తీసిన ప్రతి జేపీఈజీ ఫోటోలోనూ, వీసీడీలోనూ, డీవీడీలోనూ ఆ నాలుగు పేజీల లెక్కే పనిచేస్తుంది. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, పొట్టిగా డీసీటీ. పేరుకి భయపడకండి, విషయం చెబుతా.

బొమ్మని చిన్న చిన్న గళ్ళుగా కోస్తారు. ఒక్కో గడిలో ఎనిమిది చుక్కలు, ఎనిమిది వరసలు, మొత్తం 64. ఆ 64 చుక్కల వెలుగునీ ఇంకో రకం 64 అంకెలుగా మార్చి రాస్తారు. మొదటి అంకె గడి మొత్తం మీద వెలుగెంతో చెబుతుంది. తర్వాతివి పెద్ద పెద్ద మార్పులు, అంటే ఇటు చీకటి అటు వెలుతురు లాంటివి. చివరికి పోయేకొద్దీ సన్న వివరాలు, జరీ పోగు, కనురెప్ప వెంట్రుక. ఇందులో అందమేమిటంటే, మామూలు బొమ్మల్లో బరువైన అంకెలన్నీ మొదట్లోనే పోగుపడతాయి. చివరివి చాలామటుకు సున్నాకి దగ్గరగా, ఉన్నాయా అంటే ఉన్నాయన్నట్టుంటాయి.

ఇప్పుడీ గాలి చూడండి. మా ఊళ్ళో నూర్పిళ్ళయ్యాక ఇలాంటి గాలి కోసమే కళ్ళంలో కాచుకుని కూర్చునేవాళ్ళు. గాలి తిరగ్గానే మా నాన్న ఎత్తుపీట ఎక్కి, చేటతో ధాన్యం పైనించి జారవిడిచేవారు. గట్టి గింజ కాళ్ళ దగ్గరే రాలేది. పొల్లూ దూగరా దూరంగా ఎగిరిపోయేవి. తూర్పారబట్టడం అంటారు దాన్ని. డీసీటీ తర్వాత జరిగేది అచ్చం అదే. 64 అంకెల్నీ ఒక్కో సంఖ్యతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తారు. బరువైనవి నిలబడతాయి, తేలికవి సున్నా అయిపోతాయి. వరసగా వచ్చిన సున్నాలు రాయడానికి చోటు పట్టదు గదా. భాగించే సంఖ్య ఎంత పెద్దదైతే గాలి అంత జోరన్నమాట.

గాలి జోరెక్కితే ఏమవుతుందో మా నాన్నకి బాగా తెలుసు. సగం పాలుపోసుకున్న గింజలు కూడా పొల్లుతో లేచిపోతాయి. ఆయన వెంటనే చేట దించేసేవారు. ఇప్పుడు మన డిస్కు సంగతి ఆలోచించండి. అందులో ఉన్నది ఒకసారి తూర్పారబట్టిన ధాన్యం. పొల్లంతా అప్పుడే పోయింది. దాన్ని 4.7లోకి దించాలంటే మళ్ళీ గాలికి పట్టాలి. ఈసారి ఎగిరేది పొల్లు కాదర్రా, గింజే. 168 నుంచి 8.5కి దిగినప్పుడు పోయినదాని కన్నా 8.5 నుంచి 4.7కి దిగినప్పుడు పోయేది లెక్కలో చాలా చిన్నది, కంటికి మాత్రం పెద్దది.

సెకను లెక్కన చూద్దాం. మూడు గంటల్ని 8.5లో సర్దితే సెకనుకి 63 లక్షల బిట్లు దక్కుతాయి. 4.7లో అయితే 35 లక్షలు. పాత వీసీడీలో బొమ్మకి దక్కేవి పదకొండున్నర లక్షలే, చుక్కలు కూడా నాలుగో వంతే. వీసీడీ పద్ధతి 1993లో వచ్చింది, డిస్కుకి 74 నిమిషాలు. ‘మాయాబజార్’ లాంటి మూడు గంటల సినిమాకి మూడు డిస్కులు కావాలి. 1957లో ఆ సినిమాకి ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లీ గారు. పడవ మీద వెన్నెల పాట ఉంది చూశారూ, నీళ్ళ మీద వెలుగు తళతళలాడుతూ ఉంటుంది. ఏ క్షణంలో చూసినా అంతకు ముందు క్షణంలా ఉండదు. ఎంత మంచి కుదింపు ప్రోగ్రామునైనా చెమటలు పట్టించే ఘట్టం అది. ఆయన తెచ్చిన వెన్నెల మన తెర దాకా చేరిందా లేదా అన్నది నాకైతే సినిమా నకలుకి మొదటి పరీక్ష.

ఎందుకంటారా? వీడియోలో ప్రతి బొమ్మనీ మొదట్నించీ రాయరు. ఒక నిండు బొమ్మ రాస్తారు. ఆ తర్వాతి పది పన్నెండు బొమ్మలకీ, ముందుదానితో పోలిస్తే ఏం కదిలింది, ఏం మారింది అన్నదే రాస్తారు. పురోహితుడు కూర్చుని మంత్రాలు చదువుతుంటే కదిలేవి ఆయన పెదవులూ చెయ్యీ. పందిరి స్తంభాలు ఎక్కడివక్కడే. ఆ కాసేపు ఎంత కుదించినా చెక్కుచెదరదు. అలాంటి చోట చూసి “నకలు బ్రహ్మాండంగా వచ్చింది” అనుకునేవాళ్ళు చాలామంది.

మరి ఎక్కడ చూడాలి? తలంబ్రాల దగ్గర చూడండి. దోసిళ్ళకొద్దీ పసుపు బియ్యం, ఒక్కో గింజా ఒక్కో దారిన పడుతుంటుంది. పక్కనించి ఎవరో పూలు చల్లుతారు. ఫోటోగ్రాఫరు ఫ్లాష్ కొడతాడు. ఫ్లాష్ వెలిగిన ఆ ఒక్క బొమ్మా ముందుదానికీ వెనకదానికీ పోలిక లేకుండా తెల్లబారిపోతుంది. మార్పు మాత్రమే రాసుకునే పద్ధతికి అక్కడ అంతా మార్పే! చేతిలో ఉన్న బిట్లు చాలక ప్రోగ్రాము గాలి జోరు పెంచేస్తుంది. అప్పుడు గడుల అంచులు పైకి తేలతాయి, బొమ్మంతా నలుచదరపు ముక్కలుగా విరిగినట్టుంటుంది.

తర్వాత హోమం పొగ చూడండి. పొగలో తెలుపు నుంచి బూడిద రంగుకి మెట్టు తెలియకుండా జారాలి. కుదింపు ఎక్కువైతే మెట్లు కనిపిస్తాయి, చారలు చారలుగా. పందిరి వెనక చీకటి మూలల్లో గళ్ళు అటూ ఇటూ పాకుతుంటాయి. మొదట్లో వచ్చే ‘శుభవివాహం’ అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు చుక్కలు ఆడతాయి. ముఖాల మీద చర్మం మైనం పూసినట్టు నున్నగా అయిపోతుంది. మీ అమ్మ చీర ఎర్రంచు పసుపులోకి కాస్త చెదిరినట్టుంటుంది చూడండి, దాన్ని మాత్రం నకలు మీదికి నెట్టకండి. రంగుని నాలుగు చుక్కలకి ఉమ్మడిగా రాశారన్నానే, ఆ చెదురు అసలు డిస్కులోనే ఉంది, క్యాసెట్‌లోనూ ఉంది.

క్యాసెట్ అనగానే ఇంకో తిరకాసు. పాత టేపులో చీమలు పాకినట్టు గరగర ఉంటుంది. ఆ చీమలు కూడా క్షణక్షణం మారేవే. ప్రోగ్రాముకి చీమేదో అక్షింత గింజేదో తేడా తెలియదు, రెంటికీ బిట్లు ధారపోస్తుంది. అందుకే కొందరు కుదించే ముందు గరగరని కాస్త తుడుస్తారు. పదిలంగా తుడిస్తే లాభమే. మరీ తుడిస్తే మీ ముత్తాత ముఖం మీది ముడతలు కూడా పోతాయి. ఆ ముడతలు నాకు కావాలి.

“కంప్యూటరే ఎంత పోయిందో లెక్కగట్టి చెప్పదా?” అంటోంది పెద్దమ్మాయి. చెబుతుందమ్మా. అసలు చుక్కకీ నకలు చుక్కకీ తేడా తీసి, వర్గాలు కట్టి, సగటు వేసి చెప్పే పీఎస్ఎన్ఆర్ అనే కొలత ఉంది. చాలా కాలం అందరూ దాన్నే నమ్మారు. బొమ్మ మొత్తాన్నీ ఒక్క పిసరు వెలుగు పెంచారనుకో, మనకి తెలియను కూడా తెలియదు, ఆ కొలత మాత్రం గోలపెడుతుంది. ముఖంలో ఒక బుగ్గ మీద గళ్ళు పడ్డాయనుకో, మనకి కొట్టొచ్చినట్టుంటుంది, కొలత పెద్దగా కదలదు. అందుకని 2004లో జౌ వాంగ్, అలన్ బోవిక్, హమీద్ షేక్, ఈరో సిమొన్చెల్లి అనే నలుగురు ఎస్ఎస్ఐఎమ్ అని ఇంకో కొలత తెచ్చారు. అది చుక్కల్ని విడివిడిగా కాకుండా చుట్టుపక్కల అల్లికతో కలిపి చూస్తుంది. టీవీ రంగానికి చేసిన మేలుకి 2015లో వాళ్ళకి ఎమ్మీ అవార్డు కూడా ఇచ్చారు. 2016లో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు వీమాఫ్ అని మరొకటి బయటపెట్టారు, నూటికి మార్కులేస్తుంది. ఇవన్నీ మంచివే. నేను వాటిని వాడొద్దనను.

కానీ సగటుతో జాగ్రత్త. మన పెళ్ళిలో బొమ్మలు 2,70,000. తలంబ్రాలు రెండు నిమిషాలు, అంటే 3,000 బొమ్మలు. వందలో ఒక్క వంతు! ఆ ఒక్క వంతు పూర్తిగా పాడైనా మొత్తం సగటు దర్జాగా నిలబడే ఉంటుంది. మనం ఆ డిస్కు పెట్టేదేమో ఆ రెండు నిమిషాల కోసం. కొలత అడిగితే అన్నిటికన్నా తక్కువ మార్కులు ఎక్కడ పడ్డాయో అడగండి. అక్కడికెళ్ళి కంటితో చూడండి.

కంటితో చూడ్డానికీ ఒక పద్ధతుంది. అంతర్జాతీయ టెలీకమ్యూనికేషన్ యూనియన్ వాళ్ళు బీటీ.500 అని ఒక పద్ధతుల పుస్తకం 1974 నుంచీ సవరించుకుంటూ వస్తున్నారు. బొమ్మని ఆపేసి, ముక్కు తెరకి ఆనించి వెతకడం అందులో ఉండదు. తెర ఎత్తుని బట్టి లెక్కగట్టిన దూరంలో కుదురుగా కూర్చోబెట్టి, ఆడుతున్న బొమ్మనే చూపిస్తారు. కనీసం పదిహేను మంది ఉండాలి, వాళ్ళు ఈ రంగం పండితులు కాకపోతే మరీ మంచిది. అయిదు మెట్ల మార్కులు. తేడా కనిపించలేదంటే 5. కనిపించింది గాని ఇబ్బంది లేదంటే 4. కాస్త ఇబ్బందిగా ఉంటే 3. ఇబ్బందిగా ఉంటే 2. మరీ ఇబ్బందిగా ఉంటే 1. కొన్ని పద్ధతుల్లో అసలేదో నకలేదో చూసేవాళ్ళకి చెప్పరు. ఒక్కోసారి మధ్యలో అసలుదాన్నే నకలు పేరుతో కలిపేస్తారు. దానిక్కూడా తక్కువ మార్కులు వేసేవాళ్ళుంటారు, అనుమానంతో చూసే కన్ను లేనిదాన్ని కూడా చూస్తుంది కదా!

పదండి లోపలికి, మనమూ అలాగే చేద్దాం. పదిహేను మంది లేకపోయినా మనం అయిదుగురం చాలు. టీవీలో పదును పెంచే సెట్టింగూ, గరగర తగ్గించే సెట్టింగూ రెండూ తీసేయమ్మా, లేకపోతే మనం మార్కులేసేది డిస్కుకి కాదు, టీవీకి. 576 వరసల బొమ్మని 2,160 వరసల తెర మీదికి సాగదీస్తోంది గనక రెండూ కాస్త మెత్తగానే ఉంటాయి. రెండింటికీ ఒకే టీవీ, ఒకే కుర్చీ. బుజ్జీ, నువ్వు నాణెం ఎగరెయ్యి. బొమ్మ పడితే ఒకటో డిస్కు ముందు, బొరుసైతే రెండోది. ఏది పెట్టావో నోరు విప్పకు. మామ్మని కూడా పిలవండి. ఏం పరీక్షో ఆవిడకి చెప్పకండి, ఊరికే పెళ్ళి చూద్దామనండి.

మంత్రాల దగ్గర అందరూ 5 వేశారు, చూశారా? అనుకున్నదే. హోమం దగ్గర చిన్నమ్మాయి రెండింటికీ 4 వేసింది. బాగుంది, ఆ చారలు అసలుదానిలో కూడా ఉన్నాయి కాబోలు. ఇక తలంబ్రాలు. మామ్మ ఏమందో విన్నారా? “ఇందాక బియ్యం రాలినట్టు రాలాయి, ఇప్పుడేమిటర్రా ముద్దలుగా పడుతున్నాయి?” అంది. బుజ్జీ, ఇప్పుడాడింది ఏ డిస్కు? 4.7దేగా! డీసీటీ పేరు ఆవిడ వినలేదు. అయిదుగురిలోకీ మంచి పరీక్షకురాలు ఆవిడే. పెద్దమ్మాయి కూడా అక్కడ 3 వేసింది.

ఇప్పుడేం చేద్దాం? మొదటి ఉపాయం, అక్కర్లేని బరువు దించడం. డిస్కు మెనూలో వెనకాల పాట ఆడే బొమ్మలూ, చివర స్టూడియో ప్రకటనా ఉన్నాయి. అవి తీసేస్తే ఆ చోటు పెళ్ళికొస్తుంది, గాని కొంచెమే. రెండో ఉపాయం, ప్రోగ్రాము చేత పెళ్ళంతా ఒకసారి చదివించి, ఎక్కడ కష్టమో గుర్తు పెట్టించి, రెండో విడత రాయించడం. మంత్రాల దగ్గర మిగిల్చిన బిట్లు తలంబ్రాల దగ్గర ఖర్చు పెడుతుంది. సమయం రెట్టింపవుతుంది, అయినా నేను ఎప్పుడూ దానికే ఓటేస్తాను. 2000 తర్వాత కొన్నేళ్ళు డీవీడీ ష్రింక్ అని ఒక ఉచిత ప్రోగ్రాము బాగా వాడేవారు. అది బొమ్మని పూర్తిగా విప్పకుండానే, ఉన్న అంకెల్లో సన్నవి తీసేసేది. చకచకా అయిపోయేది. కుదింపు కొంచెమే అయితే అది చాలు. ఇక్కడ సగానికి దగ్గరగా దించాలి గనక చాలదు.

మన పెళ్ళికి నాకు తోచింది వేరు. రెండు 4.7 డిస్కులు కలిపితే 9.4. మన దగ్గరున్నది 8.5. పెళ్ళిని రెండుగా విరిచి, ఉన్నదున్నట్టు ఎక్కిస్తే చాలు, ఒక్క అంకె కూడా ముట్టుకోనక్కర్లేదు. కుదించిన డిస్కు ప్రయాణాల్లో చూసుకోడానికి ఉంచుకోండి, దాని మీద ‘కుదించినది’ అని రాసి పెట్టండి. లేకపోతే పదేళ్ళ తర్వాత ఎవరో దాన్నే అసలుదనుకుని మళ్ళీ గాలికి పడతారు.

విరుపు ఎక్కడ పెట్టాలంటే, రెండు సగాలూ ఇంచుమించు సమానంగా ఉండాలి, తలంబ్రాలు మధ్యలో తెగకూడదు. విప్పకుండా కోయాలంటే నిండు బొమ్మ దగ్గరే కోయాలి. అది మన డిస్కులో అర సెకనుకొకటి చొప్పున వస్తుంది. కాబట్టి ఇబ్బందేం లేదు. మామ్మనే అడుగుదాం, ఆవిడ ఎక్కడంటే అక్కడే కోద్దాం. పెద్దమ్మాయ్, మళ్ళీ మొదట్నించీ పెట్టమ్మా.